అత్తగారి గుట్టను పటం నుంచి దించిన మా మట్టి మేడమ్

వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై ఏడవ సంవత్సరం జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మన సముద్ర పరిశోధన సంస్థ లోతుల విభాగంలో కనిష్ఠ శాస్త్ర సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించి, ఈ నెలాఖరున అదే విభాగాధిపతిగా పదవీ విరమణ చేయనున్న మన మట్టి మేడమ్ గారిని గురించి నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక సంపాదకవర్గం వారు నన్ను కోరడం నా భాగ్యం. "అబద్ధాలు కాస్త తగ్గించి రాయండి" అని అదే నోటితో హెచ్చరించడం నా దౌర్భాగ్యం. తగ్గించమన్నారు గాని మానమనలేదు కనుక, వారి ఆజ్ఞను అక్షరాలా పాటిస్తాను.

నేను మన పరిశోధన నౌకలో తీగను నీటిలోకి దించి, పైకి చుట్టే వించ్ నడిపేవాడిని. మా ఊరి బడిలో ఉన్నంతవరకు చదివి, బడి అయిపోయాక నౌక ఎక్కాను. నా పదవీ విరమణ ఎప్పుడో జరిగిపోయినా, నన్నూ ఆ పాత తీగ వించ్‌నూ విడదీస్తే రెండూ పనిచేయవని గ్రహించిన అధికారులు నన్ను కాంట్రాక్టు మీద అక్కడే ఉంచారు. అందువల్ల మేడమ్ గారి ఉద్యోగ జీవితపు మొదటి రోజునూ, చివరి యాత్రనూ కళ్లారా చూసిన ఏకైక వ్యక్తిని నేనే. ఈ విషయంలో నాతో పోటీపడగలిగినది వించ్ ఒక్కటే. దానికి రాయడం రాదు.

ఆ సోమవారం ఉదయం రేవు గోదాములో తీగకు గ్రీజు పూస్తున్నాను. చేతిలో నియామక పత్రం, భుజాన గుడ్డసంచి, కాళ్లకు కొత్త చెప్పులతో ఒక అమ్మాయి వచ్చి, గ్రీజు అంటని చోటు వెతుక్కుని నిలబడింది. కొత్తగా చేరినవారికి ఒక కథ చెప్పి స్వాగతం పలకడం నా ఆచారం.

"అమ్మాయ్, ఈ తీగ చూశావూ? ఒకసారి దీన్ని వదులుతూ కునికాను. అది సముద్రం అడుగు చీల్చుకుని, భూమికి అవతలి వైపున ఎవరి పెరటి బావిలోనో తేలింది. వాళ్లు దానికి చేద కట్టి వారం రోజులు నీళ్లు తోడుకున్నారు. మేం లాగితే చేదతో సహా వచ్చింది!"

అందరూ ఇక్కడ నవ్వుతారు. ఈ అమ్మాయి నవ్వలేదు.

"చేదలో నీళ్లు ఉప్పగా ఉన్నాయా, తియ్యగా ఉన్నాయా అన్నయ్యా?"

"తియ్యగానే ఉన్నాయమ్మా, కొబ్బరినీళ్లలాగా."

"అంత సముద్రంలోంచి పైకొస్తే తియ్యగా ఎలా ఉన్నాయి? సరే, నీళ్ల సంగతి వదిలెయ్యండి. నేలను చీల్చుకుని పోయిన తీగకి మట్టి అంటాలి కదా. ఆ మట్టి ఏది?"

నా ఇన్నేళ్ల కథన వ్యవసాయంలో అంత సూటిగా నన్ను నిలబెట్టినవారు లేరు. ఆనాడే నేను ఆమెకు 'మట్టి మేడమ్' అని నామకరణం చేశాను. హాజరుపట్టీలోని పేరు ఎవరికైనా గుర్తుందో లేదో గాని, ఈ పేరు మాత్రం డైరెక్టరు గారి గది నుంచి వంటగది వరకు స్థిరపడిపోయింది.

మేడమ్ గారి గట్టి పట్టుదల అర్థం కావాలంటే, సముద్రపు లోతు తెలుసుకోవడానికి మనిషి పడిన అగచాట్లు కొంత తెలియాలి. పూర్వం నావికులు తాడు చివర సీసపు గుండు కట్టి, దాని అడుగున ఉన్న గుంటలో జంతువుల కొవ్వు మెత్తి నీటిలోకి వదిలేవారు. గుండు నేలను తాకితే లోతు తెలిసేది. కొవ్వుకు అంటుకు వచ్చిన ఇసుకనో, గుల్లనో, బురదనో చూసి, మంచు కమ్మిన వేళ కూడా తాము ఏ తీరానికి చేరువలో ఉన్నారో చెప్పగలిగేవారు. తీరానికి దూరమైతే ఈ విద్య చేతులెత్తేసేది. అంత పొడవు తాడు తన బరువుకు తానే దిగిపోతూ ఉంటే, గుండు ఎప్పుడు నేలను తాకిందో తెలుసుకోవడం కష్టం. అందుచేత నడిసముద్రపు అడుగు పళ్లెంలా చదునుగా ఉంటుందనీ, కొంత లోతు దాటాక ప్రాణి అన్నదే ఉండదనీ గొప్పగొప్ప పండితులు సైతం నిశ్చింతగా నమ్మారు. తరువాత ఖండానికీ ఖండానికీ మధ్య తంతి తీగలు పరచవలసి వచ్చి, అడుగును శ్రద్ధగా కొలవక తప్పలేదు. తెగిన తీగలను మరమ్మతుకు పైకి లాగితే, ప్రాణమే ఉండదన్న లోతుల నుంచి వాటిని పట్టుకుని ప్రాణులు బయటపడ్డాయి. పండితులు కళ్లద్దాలు తుడుచుకున్నారు. లోతు, చలి, ఉప్పు, ప్రవాహం, బురద, వీటిని పరీక్షించడమే పనిగా నౌకలు ఏళ్ల తరబడి తిరిగాయి. తాడు పోయి సన్నని ఉక్కు తీగ వచ్చింది. తీగ తరువాత ధ్వని వచ్చింది: నౌక అడుగు నుంచి ఒక చప్పుడు పంపి, అది నేలకు కొట్టుకుని తిరిగి రావడానికి పట్టిన వ్యవధిని బట్టి లోతు కట్టే ప్రతిధ్వని యంత్రం. అంతకుముందు పూటంతా శ్రమిస్తే తెలిసే ఒక్క లోతు ఊపిరి తీసేలోగా తెలిసిపోయింది. పళ్లెం అనుకున్న చోట నేల మీది కొండలను తలదన్నే పర్వతశ్రేణులు, లోకంలోకెల్లా ఎత్తైన శిఖరాన్ని నిలబెట్టినా మునిగిపోయే కందకాలు కనిపించాయి.

ఈ విద్యను కొత్తవారికి నేర్పడానికి మేడమ్ గారు పుస్తకం తెరిచేవారు కారు. అందరినీ మన ఆఫీసు ముందుకు తీసుకువెళ్లి, "ఇదంతా మునిగిపోయిందనుకోండి" అని మొదలుపెట్టేవారు. మనం టీ తాగే వరండా ఖండపు అరుగు: లోతు తక్కువ, వెలుతురు ఎక్కువ, చేపలకు కొదువ లేదు. అక్కడి నుంచి దిగే మెట్లు ఖండపు వాలు. వాకిలి అగాధ మైదానం: యుగాల తరబడి పైనుంచి రాలిన సన్నని బురద గుంటలన్నీ పూడ్చి చదును చేసింది. వాకిలి నడుమ పైపు పగిలి సిమెంటు ఉబ్బిన వరుస సముద్ర మధ్య పర్వతశ్రేణి: అక్కడ నేల చీలి, లోపలి నుంచి కొత్త రాయి పొంగుతుంది. ప్రహరీ పక్కన కాలువ ఉందే, అది కందకం: పాత నేల మెల్లగా అందులోకి దూరి కిందికి పోతుంది.

"మరి మా అకౌంట్స్ సెక్షన్ ఎక్కడొస్తుంది మేడమ్?" అని గుమాస్తా గారు కిటికీలోంచి అడిగారొకసారి.

"కందకం పక్కనే. వెలుతురు చేరదు, లోపలికి పోయింది తిరిగి రాదు."

ఆ నెల అందరి ప్రయాణ బిల్లులూ ఆలస్యమయ్యాయి. పాఠం మాత్రం ఎవరూ మరువలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన పటంలో, తీరానికి ఒక రోజు ప్రయాణ దూరంలో, నడిసముద్రాన చుక్కల వలయం ఒకటి ఉండేది. లోపల 'గుట్ట: ప్రమాదం, ఉనికి సందేహాస్పదం' అని రాసి ఉండేది. ప్రతిధ్వని యంత్రాలు కొత్తగా వచ్చిన రోజులలో ఒక సరుకు నౌక కెప్టెను, సంధ్యవేళ ఆ దారిన పోతూ, యంత్రపు కాగితం మీద అడుగు గీత తన వైపు లేచి రావడం చూసి హడలిపోయి, నౌకను తిప్పుకుని వెళ్లి ఫిర్యాదు చేశాడట. ఆయన మాట మీద గుట్ట పటమెక్కింది. తరువాత పగటి వేళ పోయినవారికి అది కనిపించలేదు. సాయంత్రం పోయినవారికి మరో చోట కనిపించింది. కనిపించిన చోట్లన్నీ కలుపుకుంటూ వలయాన్ని పెంచుకుంటూ పోయారు. ఎవరూ ఎదుట పడి చూడకపోయినా అందరూ దూరం నుంచే జడిసి తప్పుకుపోతారు కనుక, మా నౌక సిబ్బంది దానికి 'అత్తగారి గుట్ట' అని పేరు పెట్టారు. అత్తగార్లు మన్నించాలి, పేరు పెట్టింది అల్లుళ్లు.

మేడమ్ గారు ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, ఆ వలయం అంచున మా నౌక ఇంజను ఆపి సాయంత్రపు భోజనాలు చేస్తున్నాం. యంత్రం గదిలోంచి అప్పటి విభాగాధిపతి, మేమందరం పెద్దసారు అని పిలుచుకునే ఆయన, కంచం వదిలేసి వచ్చినంత ఉత్సాహంతో కేక వేశారు.

"గుట్ట దొరికింది! చూడు, గీత ఎలా లేస్తోందో! కాగితం మీద నీ సంతకం పెట్టమ్మా, ఆ 'సందేహాస్పదం' అన్న మాట తీయించేద్దాం."

అమ్మాయి కాగితం చూసింది. కలం తీయలేదు.

"సార్, గుట్టలు నిలబడి ఉంటాయి, ఇలా లేవవు సార్."

"మనం దాని మీదికి పోతున్నాం గనక లేచినట్టు కనిపిస్తుంది."

"మనం ఆగి ఉన్నాం సార్. మీరు అన్నం తింటున్నారు."

పెద్దసారు చేతికి అంటిన మెతుకులు చూసుకున్నారు. అమ్మాయి మెల్లగా విషయం విన్నవించింది. పగలు వెలుతురుకు వెరచి లోతున దాగి, పొద్దు వాలగానే మేతకు పైకి వచ్చే కోట్లాది చిన్న ప్రాణులు ఉన్నాయనీ, కొన్నింటి కడుపులో గాలిబుడగలు ఉండి ధ్వనిని తిప్పి కొడతాయనీ, వాటిని చూసి నేల అని మోసపోవడం లోకమంతటా జరిగినదేననీ చెప్పింది.

"పుస్తకంలో సముద్రం వేరు, పటంలో సముద్రం వేరు," అన్నారు పెద్దసారు. "ప్రాణులే కావచ్చు. వాటి కింద గుట్ట లేదని నీకెవరు చెప్పారు? రేపు ఒక పడవ గుద్దుకుంటే ఆ ప్రాణం నువ్వు తెస్తావా?"

"ఉందని మీరు మట్టి చూపించండి సార్, ఇప్పుడే సంతకం పెడతా."

"అదేం కుదరదు. లేదని నువ్వు చూపించు. ఆ వలయం మధ్యలోంచి మట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టు. ఆ రోజు నేనే చెరిపిస్తా."

"తెస్తాను సార్," అంది అమ్మాయి.

పెద్దసారు దుర్మార్గులు కారు. పడవలలో వెళ్లే వారి ప్రాణాల గురించి వారికి నిజమైన భయం ఉండేది. చిక్కంతా పద్ధతిలో ఉంది. ఒక గుట్ట పటం ఎక్కాలంటే ఒక కెప్టెను భయపడితే చాలు. దిగాలంటే వలయం లోపలికి పోయి, అడుగంటా వెతికి, రుజువు తేవాలి. వలయం లోపలికి మాత్రం సంస్థ నౌక పోరాదు. ఎందుకు? గుట్ట ఉంది కనుక! ఈ తర్కాన్ని ఆలోచించిన మహానుభావుడు ఎవరో గాని, ఆయన ముందు నా కథలు పాలుతాగే పసికందులు.

సంతకం పెట్టని ఫలితంగా మేడమ్ గారికి రేవు చివరన, రేకుల కప్పు కింద, పోటు పాటు కొలిచే గదికి బదిలీ అయింది. గొట్టంలో తేలే బెండు, దాని దారం, దారానికి కట్టిన కలం, కలం కింద తిరిగే కాగితం. ఎండాకాలంలో ఆ గది, వానాకాలంలో ఆ చప్పుడు శత్రువుకు కూడా వద్దు. దాన్ని వారు శిక్షగా భావించలేదు. చంద్రుడు సముద్రాన్ని లాగుతుంటే పక్కన కూర్చుని చూడడానికి జీతమిస్తున్నారు అనేవారు.

అక్కడ ఉండగానే ఒకనాటి మధ్యాహ్నం ఒక చేపల పడవ వచ్చి రేవుకు తగిలింది. కడుపులో పేగు చీము పట్టి, పడవ అడుగున మెలికలు తిరిగిపోతున్న కుర్రవాణ్ణి అతని అన్న భుజాన వేసుకుని దిగాడు. ఆసుపత్రికి చేర్చాక డాక్టరు గారు, "పొద్దున్నే తెచ్చి ఉంటే చిన్న కోతతో పోయేది. లోపలే పగిలింది, ఇక నెలల తరబడి మంచమే" అన్నారు.

"ఇంత ఆలస్యం ఎందుకైందన్నా?" అని అడిగారు మేడమ్.

"అడ్డంగా వస్తే తెల్లారేసరికి వచ్చేవాళ్లమమ్మా. గుట్ట ఉంది కదా. చుట్టు తిరిగి రావద్దూ?"

తమ్ముడు బతికాడు, ఆ తరువాత వల లాగే పని మాత్రం చేయలేకపోయాడు. ఆ సాయంత్రం మేడమ్ గారు పోటు గది మెట్టు మీద కూర్చుని నాతో అన్న మాట ఒక్కటే. "లేనిదాని చుట్టూ తిరిగొచ్చాడన్నయ్యా." వారు సముద్రాన్ని గురించి కోపంగా మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే; నిజానికి ఆ కోపం సముద్రం మీద కాదు.

తరువాతి వృత్తాంతాన్ని అధికారుల భాషలో చెప్పాలంటే 'అంచెలంచెలుగా ఎదిగారు'. వించ్ భాషలో చెప్పాలంటే, తీగ తెగకుండా, తొందరపడకుండా, పళ్లు ఒక్కొక్కటి పట్టుకుంటూ చుట్టుకున్నారు. పోటు గది నుంచి ఉప్పు, ఉష్ణోగ్రతల విభాగానికి వచ్చారు. పైనీరు వెచ్చగా, కిందినీరు చల్లగా ఎందుకుంటుందో, ఆ రెంటి నడుమ ఒక్కసారిగా చలి పెరిగే పొర ఎక్కడుంటుందో పదేళ్లపాటు సీసాలలో పట్టి చూపారు. తదుపరి లోతుల విభాగానికి తిరిగివచ్చి, కాలక్రమాన అధిపతి అయ్యారు. ఒకేసారి వెడల్పాటి పట్టీ మేర అడుగును గీసే కొత్త యంత్రం వచ్చాక తీరమంతా మళ్లీ కొలిపించారు. ఇన్నిటి నడుమ ఏటా మార్చి నెలలో, వలయంలోకి వెళ్లడానికి అనుమతి కోరడం మాత్రం మానలేదు. ఏటా ఏప్రిల్‌లో తిరస్కరణ వచ్చేది. పెద్దసారు గతించారు; డైరెక్టర్లు మారారు; కారణం మాత్రం మారలేదు. "ఈసారి కూడా కాదన్నారా మేడమ్?" అని నేను వెక్కిరిస్తే, "మార్చి మళ్లీ వస్తుంది కదా అన్నయ్యా" అనేవారు.

చివరికి గత ఏడాది మార్చిలో వారి కోరిక రూపం మార్చుకుంది. నౌకను ముందు పంపవద్దు. నౌకకు ముందు చిన్న మోటారు పడవను పంపుతాను. అందులో నుంచి పాత పద్ధతిలో తాడు, సీసపు గుండుతో అడుగు వెతుకుతూ పోతాం. గుండుకు నేల తగలనంత వరకే నౌక మా వెనుక వస్తుంది, అని రాశారు. పటాల కమిటీ వారు ఈ ఉపాయంలో తప్పు పట్టడానికి ఏమీ దొరకక, తమ సభ్యులొకరు పరిశీలకులుగా ఉండాలన్న షరతుతో ఒప్పుకున్నారు.

ఇక్కడ మేడమ్ గారి కుటుంబాన్ని స్మరించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. వారి భర్త గారు రేవు దారిలో టైలరు. పోటు గదిలో పనిచేసే కాలంలోనే వారి వివాహం జరిగింది. ఆయన మనుషుల నడుములు కొలిస్తే ఆమె సముద్రం అడుగు కొలిచేవారు. యాత్రకు ముందు నేను వారి దుకాణానికి వెళ్లినప్పుడు జరిగిన సంభాషణ నా చెవులలో ఇంకా ఉంది.

"ఏమండీ, గుట్టను పట్టడానికి సన్నని వలగుడ్డతో ఒక సంచి కుట్టాలి."

"కొలతలు తెచ్చావా?"

"కొలతలెక్కడివి? అది ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది."

"అలాంటి కస్టమర్లు నాకు అలవాటే. లోపల మడత వదిలి కుడతా, కావలసినప్పుడు విప్పుకోవచ్చు."

వారి కుమార్తె ఆసుపత్రిలో స్కానింగ్ తీస్తుంది. తల్లి సముద్రం కడుపులోకి ధ్వని పంపితే, బిడ్డ మనుషుల కడుపులోకి పంపుతుంది. విద్య ఒకటే, ఉప్పు తేడా. ఆ అమ్మాయి తల్లి మీద విసుక్కుంది.

"అమ్మా, ఏడాదిలో రిటైరవుతున్నావు. ఈ వయసులో చిన్న పడవెక్కుతావా? ఎక్కడో సముద్రంలో గుట్ట ఉంటే నీకేంటి, లేకపోతే నీకేంటి?"

"లేని రాయి ఉందని నువ్వు రిపోర్టులో రాస్తే, ఆ మనిషి కడుపు కోస్తారా, కొయ్యరా?"

అమ్మాయి వెళ్లి, తండ్రి చేతిలో సంచి రెండో కొస పట్టుకుని నిలబడింది.

వలయం అంచు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. కమిటీ సభ్యులవారు అప్పటికే ఉదయపు ఫలహారాన్ని సముద్రానికి సమర్పించి, ఒక కంబాన్ని కౌగిలించుకుని ఉన్నారు. మేడమ్ గారు లైఫ్ జాకెట్ బిగించుకుని తాడు నిచ్చెన దిగి మోటారు పడవలో ముందు భాగాన కూర్చున్నారు. గుండు అడుగున కొవ్వు తామే మెత్తుకున్నారు. పడవ కదిలింది, వెనుక నౌక, గుడి మెట్లెక్కే ముసలమ్మలాగా, ఒక్కో అడుగూ వేస్తూ.

వారు గుండు విసరడం, బారకు, అంటే చాచిన రెండు చేతుల మేరకు, ఒక ముడి వేసిన తాడు చేతుల్లోంచి జారడం, చివరి ముడి వచ్చాక, "తగల్లేదు!" అని కేక వేయడం. మళ్లీ పైకి లాగి, మళ్లీ విసరడం. "తగల్లేదు!" ఆ కేక నౌక మీద ఒకరి నుంచి మరొకరు అందుకుని కెప్టెన్ గారికి చేరవేసేవాళ్లం. మొదట మా గొంతుల్లో భయం ఉండేది. పోనుపోను అదొక పాటలా అయింది. వారి చేతులు తాడు రాపిడికి కమిలిపోవడం నా కంటికి దూరం నుంచే తెలిసింది.

"ఇంకొకరికివ్వండి మేడమ్!" అని అరిచాను.

"మీరు మీ వించ్ చూసుకోండి అన్నయ్యా!"

వలయం నడిమధ్యకు చేరేసరికి పొద్దు వాలింది. అప్పటిదాకా నౌకలోని ప్రతిధ్వని యంత్రపు తెర మీద ఎక్కడో లోతున మసకగా ఉన్న గీత చిక్కబడి పైకి కదలసాగింది. నాలుగు వందల మీటర్లున్నది మూడు వందలు, రెండు వందలు. సభ్యులవారు కంబం వదిలేశారు.

"లేస్తోంది! గుట్ట లేస్తోంది! కెప్టెన్ గారూ, వెనక్కి తిప్పండి!"

కెప్టెన్ గారు ముప్పై ఏళ్లు సముద్రం చూసినవారు. అయినా ఆ గీత తన నౌక కింద చేతికందేంత దగ్గరకు వస్తుంటే, వారి చెయ్యి తమకు తెలియకుండానే ఇంజను పిడి మీదికి పోయింది. నౌక వెనకడుగు వేసిందా, ఆ గుట్ట మరో తరం పటంలో ఉంటుంది. ఇది అందరికీ తెలుసు.

"ఇంజను ముట్టుకోకండి కెప్టెన్ గారూ!" పడవలోంచి వచ్చిన ఆ గొంతులో ప్రార్థన లేదు, కోపం లేదు. "తెర మీద ఎంత ఉంది?"

"ఇరవై బారలు మేడమ్! పద్దెనిమిది!"

"నా తాడు నలభై బారలు. చూస్తూ ఉండండి."

గుండు విసిరారు. పది బారలు. పద్దెనిమిది దాటింది. ఇరవై. ముప్పై. చివరి ముడి వారి అరచేతిలో ఆగింది.

"తగల్లేదు!"

కెప్టెన్ గారి చెయ్యి పిడి మీద నుంచి దిగింది.

"పక్కనుంచి జారిందేమో?" అన్నారు సభ్యులవారు, కమిటీ గౌరవం కాపాడుతూ.

"అందుకే అన్నయ్య ఉన్నది," అన్నారు మేడమ్ నిచ్చెన ఎక్కుతూ. "తీగ వదలండి. అడుగు తగిలేదాకా."

చివర బరువూ మట్టి గొట్టమూ కట్టి, ఆ తెర మీది గుట్ట నడినెత్తిన నా తీగను దించాను. నా జీవితంలో ఎన్నో కథలు చెప్పాను గాని, ఒక కొండలోంచి తీగను వెన్నలోంచి దారం తీసినట్టు దించానని చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేకపోయింది. ఆ సాయంత్రం అది అబద్ధం కాకుండా పోయింది. తీగ మూడు వేల మీటర్లు దాటాక వించ్ మీద బరువు చూపే ముల్లు చటుక్కున పడింది. అడుగు! పైకి చుట్టేలోగా టైలరు గారి సంచిని పైపొరలో లాగి తెచ్చాం. బకెట్టులోకి వంపితే గోరంత చేపలు, పక్కల వెంట మిణుకుమిణుకుమనే చుక్కలతో, గాజులాంటి రొయ్యలు, పేరు తెలియని జిగురు ముద్దలు. సభ్యులవారు చాలాసేపు వంగి చూశారు.

"ఇదేనాండీ ఆ గుట్ట?"

"ఇదేనండి. ఇక్కడున్నది ఒక్క బకెట్టు, మిగతాది ఇంకా మేస్తోంది."

చివరికి గొట్టం వచ్చింది. మేడమ్ గారు దాన్ని విప్పి, లోపలి మట్టిని కమిలిన అరచేతిలోకి తీసుకున్నారు. ఎర్రటి, మెత్తటి, మంచులా చల్లని బంకమట్టి. ముప్పై ఆరేళ్ల కిందటి 'తెస్తాను సార్' అన్న మాట ఆ చేతిలో ఉంది. దాన్ని పెట్టడానికి పెద్దసారు బల్ల లేదు. అందుకని దాన్ని సీసాలో పెట్టి, తిరిగి రాగానే మొదట వారి ఇంటికే వెళ్లి, వారి అర్ధాంగి గారికి చూపించి వచ్చారు. ఆవిడ ఏమన్నారో మేడమ్ మాకు చెప్పలేదు.

ఆ తరువాత మరో రెండు యాత్రలలో వలయమంతా కొత్త యంత్రంతో కొలిచారు. ఎక్కడా గుట్ట లేదు. కమిటీ వలయాన్ని తొలగించమంది. గత నెల పటాల చిత్రకారుడు గారు కొత్త పటం నమూనా తెచ్చి బల్ల మీద పరిచారు. చుక్కల వలయం ఉన్న చోట తెల్లని కాగితం. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. సంతకం కోసం కలం అందించారు. మేడమ్ గారు కలం తీసుకోలేదు.

"ఇక్కడ లోతు ఏది?"

"గుట్ట తీసేశాం కదా మేడమ్. ఇంకేం కావాలి?"

"ఖాళీగా వదిలితే ఎవరూ వెళ్లలేదని అర్థం. మళ్లీ ఒకాయన సాయంత్రం పూట వస్తాడు, భయపడతాడు, మళ్లీ గుట్ట పెడతారు. మనం వెళ్లాం. లోతు వెయ్యండి. అడుగున ఏముందో వెయ్యండి."

"అచ్చుకి ఆలస్యమవుతుంది మేడమ్. మీ పదవీ విరమణలోగా రాకపోతే?"

"రాకపోతే నా తర్వాత వచ్చేవాళ్లు సంతకం పెడతారు. లోతు లేని కాగితం మీద మాత్రం నేను పెట్టను."

మొదట సంతకం పెట్టననడంతో మొదలైన ఉద్యోగం, సంతకం పెట్టననడంతోనే ముగుస్తుందేమోనని మేమందరం గాబరా పడ్డాం. చిత్రకారుడు గారు గొణుక్కుంటూ పటం చుట్టుకుపోయారు. నిన్న మధ్యాహ్నం తిరిగి వచ్చారు. ఆ చోట ఇప్పుడొక లోతు అంకె ఉంది; దాని పక్కన, అడుగున మట్టి అని తెలిపే చిన్న 'మ' ఉంది. మేడమ్ గారు కళ్లద్దాలు తుడుచుకుని, అంకెను సీసా మీది చీటీతో పోల్చి, కలం అందుకుని సంతకం చేశారు. తరువాత రోజూలాగే కలానికి మూత పెట్టి, "టీ తాగుదామా అన్నయ్యా?" అన్నారు.

ముప్పై ఏడేళ్ల సేవను చూడగోరేవారు భూతద్దం తెచ్చుకుని ఆ పటంలో వెతకవలసి ఉంటుంది: ఒక అంకె, ఒక అక్షరం. వాటి మీదుగా రేపటి నుంచి ఏ అన్న అయినా తన తమ్ముణ్ణి అడ్డదారిన, తెల్లవారేసరికి ఒడ్డుకు చేర్చగలడు.

మేడమ్ గారూ! ఇక మార్చి నెలలు మీవి. టైలరు గారి దుకాణంలో కూర్చుని నూలు దారం చిక్కులు విప్పండి. మీ అమ్మాయి చేతి వంట తిని వంకలు పెట్టండి. సాయంత్రం పూట రేవుకు వచ్చి నా కథలను పరీక్షించండి. వయసు మీద పడ్డాక డాక్టర్లు కూడా మన యంత్రం లాంటిదే పట్టుకుని, తెర మీద ఏదో నీడ చూపించి బెదిరిస్తారు. అప్పుడు బెదరకుండా, మందులు మానకుండా, "తెర సరేనండీ, మట్టి ఏది?" అని అడగండి. మీ కొలతకు అందనంత దీర్ఘాయువు, ఏ పోటుకూ పాటుకూ చెదరని ఆరోగ్యం మీకు లభించాలనీ, మీ తాడు ఎన్ని బారలు వదిలినా చివరి ముడి రాకుండా, "తగల్లేదు!" అన్న మీ కేక మేము ఇంకా ఎన్నో ఏళ్లు వింటూ ఉండాలనీ, నౌక సిబ్బంది తరఫునా, వించ్ తరఫునా మనసారా కోరుకుంటున్నాను.